ఒక చుట్టు తగ్గినందుకు

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నారు మన పెద్దలు. నగరాలలో కాపురం చేసే మధ్యతరగతి ఉద్యోగి ఈ సామెతకు ‘పాత కారు కొని చూడు’ అన్న మూడవ మాటను కూడా చేర్చుకొనవచ్చునని మా అనుభవం. ఆ అనుభవాన్ని సోదర ఉద్యోగులతోనూ, వారి కుటుంబ సభ్యులతోనూ పంచుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. ఇందులో కొంత ఇంజనీరింగు ఉన్నది. అంతకంటె ఎక్కువగా మా తప్పు ఒకటి ఉన్నది. రెండింటినీ దాచకుండా చెప్పదలచాము.

మేము 2021లో విశాఖపట్నం నుండి ఢిల్లీ కార్యాలయానికి బదిలీపై వచ్చాము. అద్దె ఇల్లు వెదకవలసి వచ్చినప్పుడు ఓల్డ్ రాజిందర్ నగర్‌నే ఎంచుకొన్నాము. మా అబ్బాయి సివిల్ సర్వీసు పరీక్షలకు అక్కడే చదువుకొంటూ ఉండుటయే అందుకు కారణం. దేశ విభజన తరువాత పశ్చిమ పంజాబు నుండి తరలి వచ్చిన కుటుంబాల కోసం వెలసిన ఈ కాలనీకి మన ప్రథమ రాష్ట్రపతి పేరు పెట్టారు. ఒకప్పటి చిన్న చిన్న ఇండ్లు నేడు నాలుగంతస్తుల భవనాలైనాయి. ప్రతి అంతస్తులోనూ విద్యార్థులే. బడా బజార్ మార్గ్‌లో సాయంకాలం నడుస్తూ ఉంటే పది అడుగులకొకసారి తెలుగు మాట వినబడుతుంది. మా అమ్మగారికి ఈ పరాయి ఊరిలో అదే పెద్ద ఊరట. ఆమెకు డెబ్బది ఎనిమిది సంవత్సరాలు. మోకాళ్ళ నొప్పులున్నా, శనివారం వచ్చిందంటే గోల్ మార్కెట్ వద్దనున్న తిరుమల తిరుపతి దేవస్థానం వారి బాలాజీ మందిరానికి వెళ్ళి తీరవలసినదే. ఆ ప్రయాణం కోసమే మేము 2013 నాటి స్విఫ్ట్ పెట్రోలు కారును రెండవ చేతి మీద కొన్నాము.

2024 డిసెంబరులో మెయిన్సు ఫలితాలు వెలువడినాయి. మా అబ్బాయి సంఖ్య జాబితాలో లేదు. అది అతనికి మూడవ ప్రయత్నం. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవుటయే అప్పుడు మంచిదనుకొన్నాము. కొన్నాళ్ళు అతడు గది తలుపు వేసుకొని ఉన్నాడు. తరువాత కరోల్ బాగ్‌లోని నాయీవాలా వీధికి వెళ్ళడం మొదలుపెట్టినాడు. మోటారు సైకిళ్ళ విడిభాగాలకూ, కార్ల అలంకరణ సామగ్రికీ పేరుపొందిన వీధి అది. అక్కడి నుండి వచ్చిన రోజున అతని ముఖంలో కొంత వెలుగు ఉండేది. మేము దానిని గమనించాము గాని, దాని విలువను గ్రహించలేదు.

2025 జనవరిలో ఒకనాటి రాత్రి భోజనాల వేళ అతడు, “నాన్నగారూ, మన కారును రెండంగుళాలు కిందికి దించుదామా? చూడడానికి బాగుంటుంది, మలుపులో తూలకుండా కూడా ఉంటుంది” అన్నాడు. పిల్లలకు పాఠాలు చెప్పి కూడబెట్టుకొన్న ఆరు వేల రూపాయలు తన వద్ద ఉన్నాయన్నాడు. అతడు ఊరకే రాలేదు. చదివి వచ్చాడు. 1940వ దశకం నుండి అమెరికాలోని లాస్ ఏంజిలిస్ ప్రాంతపు మెక్సికన్ అమెరికన్ యువకులు తమ పాత కార్ల డిక్కీలలో ఇసుక బస్తాలు, సిమెంటు బస్తాలు వేసి వాటిని నేలకు దగ్గరగా దించేవారట. డబ్బు లేనివాని శృంగారం అది. 1958లో కాలిఫోర్నియా రాష్ట్రం, చక్రపు రిమ్ము అడుగు కంటె కిందికి కారులోని ఏ భాగమూ ఉండరాదని చట్టం చేసింది. మరుసటి సంవత్సరమే రాన్ అగీర్ అనే యువకుడు తన కారుకు హైడ్రాలిక్ పంపులు అమర్చి, మీట నొక్కితే లేచేటట్లు, నొక్కితే దిగేటట్లు చేశాడు. పోలీసు కనబడితే కారు చట్టబద్ధమైన ఎత్తుకు లేచేది! ఆ నిషేధం 2024 జనవరి 1 నుండి తొలగిపోయింది. ఇదంతా చెబుతున్నప్పుడు మా అబ్బాయి కన్నులు మెరిశాయి. పరీక్షల పుస్తకాలను గురించి చెప్పినప్పుడు ఆ మెరుపును మేము చూచి చాలా కాలమైంది.

మేము ఏమన్నాము? “తాతకు దగ్గులు నేర్పుతావా? ముప్పది రెండు సంవత్సరాలుగా యంత్రాల మధ్య బ్రతుకుతున్నాము. పనికిమాలిన పని. చదువు చూసుకో” అన్నాము. అంతటితో మాట ముగిసింది. ఎందుకు పనికిమాలినదో మాకు తెలుసు. అర్ధగంట కూర్చుంటే లెక్క వేసి చూపగలిగేవారము. కూర్చోలేదు.

ఫిబ్రవరి నెలలో ఒక ఉదయం కార్యాలయానికి బయలుదేరుతూ కారు వైపు చూచాము. మామూలుగా టైరుకూ, దాని పైనున్న రేకు అంచుకూ మధ్య మా నాలుగు వ్రేళ్ళు పట్టే సందు ఉండేది. ఆ ఉదయం రెండు వ్రేళ్ళకు మించి పట్టలేదు. ముందూ అంతే, వెనుకా అంతే. స్ప్రింగులు కోయించాడని క్షణంలో అర్థమైంది. మంచి కంపెనీ వారి పొట్టి స్ప్రింగుల జత అతని ఆరు వేలకు రాదు. వీధి మెకానిక్కు రెండు వేలకే ఉన్న స్ప్రింగులను కోసి ఇస్తాడు. పిండి కొద్దీ రొట్టె.

ఇక్కడ మా తప్పు చెప్పాలి. మేము చూచాము, తెలుసుకొన్నాము, మౌనంగా ఉన్నాము. అడగలేదు. ఆపలేదు. “మా మాట వినలేదు కదా, తగిలితే తెలుస్తుంది” అన్న పంతం మా లోపల ఎక్కడో ఉన్నది. కర్మాగారంలో పనిచేసిన రోజులలో, క్రేను తాడులో తీగలు తెగియుండుట చూచి కూడా చెప్పని ఒక ఉద్యోగికి మేమే స్వయంగా ఛార్జిషీటు వ్రాశాము. “ప్రమాదకరమైన స్థితిని గమనించియు మౌనం వహించుట” అన్నవి ఆ కాగితంలోని మాటలు. ఆ మాటలు మావే.

మార్చి నెలలో ఒక శనివారం. అబ్బాయి కారు నడుపుతున్నాడు. మేము ముందు కూర్చున్నాము. వెనుక మా అమ్మగారు, మా శ్రీమతి. శంకర్ రోడ్డు ఎక్కకముందే, మా కాలనీ సందులోనే, ఎవరో తమ ఇంటి ముందు వేయించుకొన్న స్పీడ్ బ్రేకరు ఒకటి ఉన్నది. రంగు లేదు, హెచ్చరిక పలక లేదు. కారు వేగం ఎక్కువేమీ కాదు. ముందు చక్రాలు దాటాయి. అడుగుభాగం సిమెంటుకు రాచుకొన్న చప్పుడైంది. వెంటనే వెనుక చక్రాలు ఎక్కి, దిగి, ధన్ మని ఒక మోత. ఆ మోత వెనుకనే మా అమ్మగారి కేక. అది నొప్పితో పెట్టిన కేక మాత్రమే కాదు. నివ్వెరపోయిన కేక. ఆమె అట్లా అరవగా మేము ఎన్నడూ వినలేదు.

ఎక్స్‌రేలో నడుము వెన్నుపూస ఒకటి అణగిపోయినట్లు తేలింది. వయస్సుతో బోలువారిన ఎముకలకు ఒక్క కుదుపు చాలునని వైద్యులు వివరించారు. ఆరు వారాలు మంచంపైనే విశ్రాంతి, తరువాత నడుముకు పట్టీ. వైద్యశాల నుండి తిరిగి వచ్చునప్పుడు టాక్సీలో మా అబ్బాయి ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికి వచ్చిన తరువాత మేము అతనిపై కేకలు వేయబోతే అమ్మగారు మంచం మీది నుండే, “ఒరే, వాణ్ణేమీ అనకు. నీకు తెలియకుండా ఈ ఇంట్లో గిన్నె కూడా జరగదు. కారు దిగిపోతే నీకు తెలియలేదా?” అన్నారు. మేము జవాబు చెప్పలేదు. మా శ్రీమతి మా వైపు చూచింది. ఆ చూపు ముందు మా ముప్పది రెండు సంవత్సరాల అనుభవం ఎందుకూ కొరగాలేదు.

ఆ రాత్రి పది గంటలకు మా అబ్బాయి వార్తాపత్రికలో చుట్టిన పొట్లం ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టినాడు. అందులో కోసిన స్ప్రింగు ముక్కలు నాలుగు ఉన్నాయి. “ఎందుకు దాచావు?” అని అడిగాము. “మీకు చూపిద్దామనుకొన్నాను. ధైర్యం చాలలేదు” అన్నాడు. అప్పుడు కాగితం, పెన్సిలు, స్కేలు తీసుకొని ఇద్దరమూ కూర్చున్నాము. రెండు నెలల క్రితం కూర్చోవలసినది.

పాఠకుల సౌకర్యార్థం ఆ లెక్కను గుండ్రని సంఖ్యలలో ఇస్తున్నాము. ఒక స్ప్రింగులో పనిచేసే చుట్లు ఆరు అనుకొందాము. దాని మీద పడే బరువు 250 కిలోలు. ఒక మిల్లీమీటరు నొక్కుటకు 2 కిలోల బరువు కావాలి. అంటే కారు నిలిచియున్నప్పుడు స్ప్రింగు 125 మిల్లీమీటర్లు అణగి ఉంటుంది. స్ప్రింగు బిగువు తీగ మందపు నాలుగవ ఘాతాన్ని బట్టి పెరుగుతుంది, చుట్టు వ్యాసపు మూడవ ఘాతాన్ని బట్టి తగ్గుతుంది, చుట్ల సంఖ్యను బట్టి కూడా తగ్గుతుంది. అందువలన ఆరు చుట్లలో ఒకటి తీసివేస్తే స్ప్రింగు మెత్తబడదు, ఐదవ వంతు, అనగా నూటికి ఇరవై పాళ్ళు గట్టిపడుతుంది. మిల్లీమీటరుకు 2 కిలోలు కాస్తా 2.4 కిలోలవుతుంది. చాలామంది యువకులు ఇంతవరకు విని, “గట్టిపడితే మంచిదే కదా” అంటారు. మా అబ్బాయి కూడా అదే అన్నాడు.

చిక్కు అక్కడ లేదు, మిగిలిన జాగాలో ఉన్నది. ఒక్కొక్క చుట్టు బరువు లేనప్పుడు 55 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటే, బరువు క్రింద సుమారు 34 ఉంటుంది. కనుక ఒక చుట్టు కోస్తే కారు 34 మిల్లీమీటర్లు దిగుతుంది. చక్రం పైకి లేచి రబ్బరు ఆనుకు తగిలేందుకు పూర్వం 80 మిల్లీమీటర్ల జాగా ఉన్నదనుకొంటే, ఇప్పుడు 46 మాత్రమే మిగులుతుంది. పూర్వం 80 ని 2 తో హెచ్చిస్తే 160 కిలోలు. అంత అదనపు బరువును స్ప్రింగు మెత్తగా మోయగలిగేది. ఇప్పుడు 46 ని 2.4 తో హెచ్చిస్తే 110 కిలోలే. స్ప్రింగు గట్టిపడినా, గుద్దుకొనే హద్దు ముందుకు వచ్చింది. ఆ 110 లోనే వెనుక కూర్చున్న వారి బరువూ, రోడ్డు దెబ్బా రెండూ ఇమడాలి. ఇమడలేదు. మిగిలినదంతా ఉక్కు నుండి సీటుకు, సీటు నుండి వెన్నుపూసకు చేరింది.

అడుగుభాగం లెక్క ఇంకా సులభం. తయారీదారుల ప్రకారం ఆ కారుకు నేల నుండి ఎత్తు 170 మిల్లీమీటర్లు. నలుగురు కూర్చుంటే సుమారు 30 తగ్గి 140 మిగిలేది. కోసిన తరువాత 34 పోగా, కొంత గట్టిపడినందువలన నలుగురికి 25 మాత్రమే తగ్గినా, మిగిలినది 111. మరునాడు టేపు తీసుకొని వెళ్ళి ఆ స్పీడ్ బ్రేకరును కొలిచాము. ఎత్తు 120 మిల్లీమీటర్లు, వెడల్పు అర మీటరు కూడా లేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ప్రకటించిన మార్గదర్శక సూత్రాల ప్రకారం స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పుతో, 10 సెంటీమీటర్ల ఎత్తుతో, 17 మీటర్ల వ్యాసార్ధం గల వంపుగా ఉండవలసి ఉండేది. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటదగిన వంపు అది. మా సందులోనిది వంపు కాదు, గోడ. అయితే గోడ ఉన్నదని తెలిసిన వీధిలో కారును దించుకొన్నది మేమే గదా!

మా కాలనీలో నేల నుండి ఎత్తు అన్నది అలంకారం కాదు. 2024 జూలై 27న ఇక్కడి ఒక శిక్షణ సంస్థ భూగర్భ అంతస్తులోకి వాననీరు ముంచెత్తి ముగ్గురు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. ఆ సాయంత్రం నుండి చినుకు పడితే మా శ్రీమతి పిల్లవాడు ఇంట్లో ఉన్నాడా లేడా అని చూచుకొంటుంది. గంట వానకే మోకాలి లోతు నీరు నిలిచే వీధులలో ఒకటింబావు అంగుళం ఎత్తు పోగొట్టుకొనుట తెలివైన పని కాదు.

ఆ ముక్కల చివరలను దీపం క్రింద పరిశీలించాము. రెండు ముక్కల కొసలు నీలంగా, నల్లగా మాడి ఉన్నాయి. గ్యాసు మంటతో కోశారన్నమాట. స్ప్రింగు ఉక్కును ఎర్రగా కాచి, నూనెలో ముంచి చల్లార్చి, మరల నాలుగైదు వందల డిగ్రీల వద్ద పదును పెడతారు. ఆ పదునే దాని ప్రాణం. మంట తగిలిన మేర ఆ పదును పోతుంది. కొంత భాగం మెత్తబడుతుంది, కొంత పెళుసవుతుంది, కొన్నాళ్ళకు అక్కడనే విరుగుతుంది. పైగా కోసిన మొండి కొస, దాని కోసం చేసిన పీటలో సరిగా కూర్చోదు. చక్రం గుంతలో వ్రేలాడినప్పుడు పొట్టి స్ప్రింగు వదులై తన చోటు నుండి తొలగవచ్చు. చక్రాల వాలు మారి టైర్లు ఒకవైపే అరిగిపోతాయి. ఇవన్నీ విని మా అబ్బాయి చాలాసేపు కాగితం వైపే చూచి, “ఈ కాగితం జనవరిలో వేసి ఉంటే నేను కోయించేవాణ్ణి కాదు నాన్నగారూ” అన్నాడు. అతడు నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట అన్నాడు. అందుచేతనే అది మాకు మరింత నాటింది.

చట్టం సంగతి కూడా చెప్పవలసి ఉన్నది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చుటను నిషేధిస్తున్నది. 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానం కూడా దానిని ధ్రువపరచింది. అదే సంవత్సరం జరిగిన సవరణతో చేరిన 182ఏ సెక్షను ప్రకారం, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల వరకు కారాగార శిక్ష గాని, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. యజమాని అంటే కాగితాలలో పేరున్నవాడు. అంటే మేమే.

ఆ తరువాతి ఆదివారం సెలవు గనుక, సోమవారం సగం రోజు సెలవు పెట్టి ఇద్దరమూ కాశ్మీరీ గేటు విడిభాగాల బజారుకు వెళ్ళాము. నాలుగు అసలు స్ప్రింగులు, రబ్బరు ఆనులు, నూనె కారుతున్న వెనుక షాక్ అబ్జార్బర్లు రెండు, బిగింపు కూలి, చక్రాల అలైన్‌మెంటు అన్నీ కలిపి 16,800 రూపాయలైనాయి. రెండు వేలకు చేయించిన పని విప్పుటకు అయిన ఖర్చు అది. ‘అడుసు తొక్కనేల, కాలు కడగనేల’ అన్న సామెత ఇద్దరికీ గుర్తుకు వచ్చింది గాని ఇద్దరమూ పైకి అనలేదు. బిగించునప్పుడు మా అబ్బాయి మెకానిక్కు ప్రక్కనే నిలబడి, స్ప్రింగును నొక్కిపట్టే పనిముట్టు మరలు రెండు వైపులా సమానంగా తిరుగుతున్నాయా లేదా అని చూస్తూ ఉన్నాడు. నొక్కిన స్ప్రింగు జారితే మనిషిని చంపగలదని ముందు రోజు రాత్రి చెప్పాము. ఈసారి చెప్పాము.

అతని వద్ద మిగిలిన నాలుగు వేలను ఏమి చేయాలన్నది తరువాతి ప్రశ్న. స్వల్ప వ్యయంతో కారు రోడ్డును గట్టిగా పట్టుకొని నడవాలంటే ముందు అరిగిన రబ్బరు బుష్షులు మార్చాలి, టైర్లలో గాలి తయారీదారు చెప్పిన మేరకు ఉంచాలి, డిక్కీలోని అనవసరమైన బరువు తీసివేయాలి. ఆ పనులు చేయించాడు. మలుపులో కారు తూలుట నిజంగానే తగ్గింది. అంతకు మించి దించాలన్న కోరిక ఎవరికైనా ఉంటే, ఆ కారు కోసమే తయారైన స్ప్రింగులు, వాటికి తగిన షాక్ అబ్జార్బర్లు, రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి, ఈ మూడూ కావాలి. మూడింటికీ డబ్బు చాలకపోతే ఆగుట మంచిది. మా అబ్బాయి ఇంకొక మాట అన్నాడు: “ఆ ఇసుక బస్తాల వాళ్ళే నయం. సాయంత్రం బస్తా తీసివేస్తే కారు మళ్ళీ మామూలే. నేను కోసినది మళ్ళీ అతకదు.” స్ప్రింగుల గురించి అంత చక్కని మాట మేము మా పాఠ్యపుస్తకాలలో చదువలేదు.

మే నెల చివరికి మా అమ్మగారు పట్టీతో నడవసాగారు. జూన్ మొదటి శనివారం గోల్ మార్కెట్‌కు వెళతానన్నారు. కారెక్కుటకు భయపడతారేమోనని మేము ఆటో పిలుస్తామన్నాము. “వాడే నడపనీ” అన్నారు. ఆ సందులోని గోడ వద్దకు రాగానే మా అబ్బాయి కారును దాదాపు ఆపి, ఏటవాలుగా ఒక్కొక్క చక్రాన్ని ఎక్కించి దించాడు. వెనుక నుండి గట్టిగా హారను మ్రోగింది. అతడు లక్ష్యపెట్టలేదు. అమ్మగారు మాత్రం సీటు అంచును రెండు చేతులతో గట్టిగా పట్టుకొనే ఉన్నారు. ఇప్పటికీ పట్టుకొంటారు. ఆ పట్టు సడలుటకు ఎంత కాలం పడుతుందో ఏ సూత్రంతోనూ లెక్క కట్టలేము.

కోసిన ముక్కలలో ఒకదానిని మేము మా బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకొన్నాము. కర్మాగారంలో ఒక బోల్టు వదులుగా ఉంటే మనమందరమూ చెప్పుతాము, వ్రాస్తాము, సంతకం చేస్తాము. ఇంటిలో మన పిల్లలు ఏదైనా అడిగినప్పుడు ‘వద్దు’ అన్న ఒక్క మాటతో లేచిపోతాము. సోదర ఉద్యోగులకు మా మనవి ఇంతే. ‘వద్దు’ అనవలసి వస్తే అనండి. అయితే కాగితం, పెన్సిలు తీసుకొని, ప్రక్కన కూర్చోబెట్టుకొని అనండి. మన లెక్క సరియైనదైతే పిల్లలు ఒప్పుకొంటారు. ఒకవేళ ఒప్పుకొనక చేసినా, చూచి చూడనట్లు మాత్రం ఉండకండి.